ఓడినవాడికి కారణం తెలియాలి

2024 జూలైలో వీడియో ఆటల సంస్థ యాక్టివిజన్ ఒక పత్రం విడుదల చేసింది. తమ తుపాకీ ఆట కాల్ ఆఫ్ డ్యూటీలో ఎవరిని ఎవరితో ఆడించాలో తమ సర్వర్లు ఎలా నిర్ణయిస్తాయో అందులో వివరించింది. నైపుణ్యాన్ని బట్టి ప్రత్యర్థులను జతపరిచే పద్ధతి ఆటలో సరదాను చంపేస్తోందని ఆరితేరిన ఆటగాళ్లు ఏళ్ల తరబడి చేస్తున్న ఫిర్యాదుకు అది జవాబు. ఆ ఏడాది మొదట్లో ఆ వరుసలోని మోడర్న్ వార్‌ఫేర్ 3 ఆడేవారిలో కొందరికి నైపుణ్యపు లెక్కను సడలించి, ఏం జరుగుతుందో చూశారు. అందరికన్నా బాగా ఆడే 10 శాతం మంది మునుపటికంటే ఎక్కువగా తిరిగి వచ్చారు. మిగిలిన 90 శాతం మంది రాక తగ్గింది. మ్యాచ్‌లను మధ్యలోనే వదిలి వెళ్లిపోవడం పెరిగింది, ఏకపక్షంగా ముగిసే మ్యాచ్‌లూ పెరిగాయి. ఆ పత్రంలోనే మరో హెచ్చరిక ఉంది. అడుగున ఉన్నవారు వెళ్లిపోతే వారి పైమెట్టువారు అడుగువారవుతారు, తర్వాత వారూ వెళ్లిపోతారు.

ఈ ఫలితాన్ని నేను నమ్ముతాను. తన స్వప్రయోజనం ఉన్న విషయంలో ఒక సంస్థ చెప్పిన మాటే అయినా, ఇన్నేళ్లుగా ఈ ఆటలు ఆడుతూ, ఆడేవారిని చూస్తూ నేను గమనించినదానితో అది సరిపోతోంది. అయితే ఈ పత్రం చుట్టూ జరిగిన చర్చ అంతా ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయింది: కొత్తవాడు ఎవరి చేతిలో ఓడాలి? సమ ఉజ్జీ చేతిలోనా, ఆరితేరినవాడి చేతిలోనా? ఓడిన తర్వాత ఆ కొత్తవాడి బుర్రలో ఏం జరుగుతుందన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. ఆన్‌లైన్ షూటర్లలో, అంటే ఇలాంటి తుపాకీ ఆటల్లో, కొత్త ఆటగాళ్లు నిలవకపోవడానికి వారు ఓడిపోవడం అసలు కారణం కాదనీ, ఎందుకు ఓడిపోయారో తెలియకపోవడమే కారణమనీ నా అభిప్రాయం. సంస్థలు ట్యుటోరియళ్ల మీద, మనుషుల్లా ఆడే ప్రోగ్రాములైన బాట్ల మీద, బహుమతుల మీద పెట్టే శ్రమలో కొంత భాగం ఈ ఒక్క లోటు మీద పెట్టి ఉంటే ఫలితం వేరుగా ఉండేది.

మూల దగ్గర నిలబడ్డవాడు

నా ఉద్దేశం స్పష్టం కావాలంటే ఆటలో ఒక చావును దగ్గరగా చూడాలి. వేసవి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు, పదో తరగతి పిల్లవాడు, ఐదుగురు ఐదుగురితో తలపడే బాంబు ఆటల్లో ఒకదాన్ని మొదటిసారి ఆడుతున్నాడు. పక్కన కూర్చుని నేను చూస్తున్నాను. శత్రువు ఒక సందులోంచి వస్తాడని వాడికి తెలుసు. సందు చివర గోడ మూలకు దాదాపు భుజం ఆనించి, తుపాకీ అటు తిప్పి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. దాక్కుని కాచుకున్నవాడికే పైచేయి అని ఎవరికైనా అనిపిస్తుంది కదా. శత్రువు వచ్చాడు. మా వాడు ట్రిగ్గర్ నొక్కేలోపే తెర ఎర్రబడింది. వెంటనే నా వైపు తిరిగి, "వాడు గోడలోంచి చూస్తున్నాడు మామయ్యా, చీటింగ్!" అన్నాడు.

చీటింగ్ ఏమీ లేదు. అక్కడ పనిచేసినవి రెండు సంగతులు. ఒకటి కేవలం జ్యామితి. గోడ మూలకు దగ్గరగా ఉన్నవాడికీ దూరంగా ఉన్నవాడికీ మధ్య కంటికి కనబడేదానిలో తేడా ఉంటుంది. దూరంగా నిలబడి మూలను దాటి చూసేవాడికి దగ్గరివాడి భుజం, తల అంచు ముందుగా కనబడతాయి, దగ్గరివాడి కంటికి ఇంకా గోడే అడ్డుగా ఉంటుంది. రెండోది నెట్‌వర్క్ జాప్యం. కదిలి వచ్చేవాడు తన కంప్యూటర్‌లో అప్పటికే మూల దాటి ఉంటాడు. ఆ కదలిక సర్వర్‌కు చేరి, అక్కడి నుంచి కాచుకున్నవాడి తెర మీదికి వచ్చేసరికి కొన్ని పదుల మిల్లీసెకన్లు గడుస్తాయి. అంతసేపూ వచ్చేవాడు ఇతన్ని చూస్తూనే ఉంటాడు, ఇతను మాత్రం ఖాళీ సందునే చూస్తుంటాడు. ముందుకు వచ్చేవాడికి దక్కే ఈ లాభం సంగతి పాత ఆటగాళ్లందరికీ తెలుసు. అందుకే వారు మూలకు ఆనుకోరు, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడతారు, ఒకే చోట రెండోసారి కాచుకోరు.

మా వాడికి ఇందులో ఏ ఒక్కటీ తెలిసే మార్గం లేదు. తెర మీద వాడికి కనబడింది చంపినవాడి పేరు, తుపాకీ బొమ్మ, తగిలిన తూటాల లెక్క మాత్రమే. ఆ సమాచారంతో వాడు చేసుకోగలిగిన నిర్ధారణ ఒక్కటే, అదే చేసుకున్నాడు. ఇక్కడే అసలు చిక్కు ఉంది. కారణం కనబడని చోట మనిషి ఊరుకోడు, ఏదో ఒక కారణం కల్పించుకుంటాడు. ఎదుటివాడు మోసం చేశాడనుకుంటాడు, లేదా తనకు ఈ ఆట చేతకాదనుకుంటాడు. రెండింటిలో ఏది అనుకున్నా నేర్చుకోవడం అక్కడితో ఆగిపోతుంది. మోసగాణ్ణి గెలవడానికి సాధన ఎందుకు చేస్తాడు? చేతకానివాడినని నిర్ణయించుకున్నవాడు మాత్రం ఎందుకు చేస్తాడు?

ఈ బాంబు ఆటల్లో పేరుమోసిన కౌంటర్‌స్ట్రైక్‌లో ఇలాంటివి అడుగడుగునా ఉన్నాయి. పరుగెత్తుతూ కాల్చిన తూటా గురి పెట్టిన చోటికి పోదు. అడుగు ఆపి, అంటే వ్యతిరేక దిశ కీని తటాలున నొక్కి వేగాన్ని చంపి, అప్పుడు కాల్చాలి. ట్రిగ్గర్ పట్టుకుని ఉంచితే ఏకే-47 తూటాలు ఇష్టం వచ్చినట్టు చెదరవు, ముందు పైకి, ఆ తర్వాత పక్కలకు, ఒక ఖాయమైన తీరులో పోతాయి. ఆ తీరుకు ఎదురుగా మౌస్ లాగడం చేతికి అలవాటు కావాలి. ఏకే తూటా ఒక్కటి తలకు తగిలితే హెల్మెట్ ఉన్నవాడు కూడా పడిపోతాడు. ఎదుటి జట్టు వాడే ఎం4 తూటా అదే హెల్మెట్ మీద తగిలితే పడిపోడు, కాస్త ప్రాణం మిగులుతుంది. తలకే కొట్టాను కదా, వాడు చావలేదేమిటి అని తల పట్టుకునే కొత్తవాడికి ఆట ఈ తేడా చెప్పదు. పరుగెత్తితే అడుగుల చప్పుడు వినబడుతుందనీ, షిఫ్ట్ నొక్కి నడిస్తే వినబడదనీ కూడా వాడు చాలాకాలం గమనించడు. వెనుక నుంచి వచ్చి కాల్చినవాడు తన జాడ ఎలా కనిపెట్టాడో అప్పటిదాకా వాడికి మిస్టరీగానే మిగులుతుంది.

కుర్చీ వెనుక నిలబడ్డ సీనియర్

కౌంటర్‌స్ట్రైక్ 1999లో హాఫ్‌లైఫ్ అనే మరో ఆటకు మోడ్‌గా, అంటే దాన్ని మార్చి చేసిన రూపంగా, పుట్టినప్పటి నుంచీ కఠినమైన ఆటే. ట్యుటోరియల్ గురించి ఎవరూ ఆలోచించని రోజుల్లోనే అది మన నెట్ సెంటర్లనూ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్లనూ ముంచెత్తింది. కౌంటర్‌స్ట్రైక్ 1.6 వెర్షన్ రోజుల్లో హాస్టల్ కిటికీల మీదుగా గది నుంచి గదికి ల్యాన్ కేబుళ్లు లాగి, రాత్రి భోజనాలయ్యాక డస్ట్2 మ్యాప్‌లో ఆట మొదలుపెట్టినవాళ్లు ఈ వ్యాసం చదివేవారిలో కచ్చితంగా ఉంటారు. ఆట ఇంత కఠినమైనదైతే అప్పుడు అంతమంది ఎలా నేర్చుకున్నారు?

మనిషి ఉన్నాడు కాబట్టి నేర్చుకున్నారు. కొత్తవాడు చచ్చిన మరుక్షణం కుర్చీ వెనుక నిలబడ్డ సీనియర్ "పరుగెత్తుతూ కాల్చకురా, ఆగి కాల్చు" అనేవాడు. చంపినవాడు పక్క గదిలోంచి వచ్చి, "నీ అడుగులు వినబడ్డాయి, అందుకే పెట్టెల వెనుక కాచుకున్నా" అని నవ్వేవాడు. తన చావుకు కారణం అరనిమిషంలో, చావు ఇంకా కళ్ల ముందు ఆడుతుండగానే, మాతృభాషలో తెలిసిపోయేది. కబడ్డీలో కూతకు వెళ్లి దొరికిపోయినవాడికి తన కాలు ఎవరు పట్టారో, ఎక్కడ ఆలస్యమయ్యాడో ఎలా తెలుస్తుందో అలాగే తెలిసేది. ఓటమి బాధ ఉండేది, అయోమయం ఉండేది కాదు.

ఆట ఆన్‌లైన్‌కు మారినప్పుడు మ్యాప్‌లు వచ్చాయి, తుపాకులు వచ్చాయి, ఆ మనిషి మాత్రం రాలేదు. ఆయన చేసిన పనిని ఎవరికి అప్పగించాలో ఎవరూ ఆలోచించలేదు. ఇప్పుడు కొత్తవాడు తన గదిలో ఒంటరిగా, ముంబై సర్వర్‌లో, ఏ ఊరివాళ్లో తెలియని తొమ్మిది మందితో ఆడుతున్నాడు. చంపినవాడు మాట్లాడడు. సొంత జట్టువాడు మాట్లాడితే అది సలహా అయ్యే అవకాశం తక్కువ.

ఇక్కడ ఒక సందేహాన్ని దాటవేయకూడదు. హాస్టల్ రోజుల గురించి ఇలా చెప్పుకునేది ఆ ఆటలో నిలిచినవాళ్లమే. రెండు రోజులు ఆడి, వెటకారాలు పడలేక కుర్చీ ఖాళీ చేసినవాళ్ల సంగతి మన జ్ఞాపకాల్లోకి రాదు. నెట్ సెంటర్లలో అమ్మాయిలు ఈ ఆటలకు కూర్చోవడం చాలా అరుదు, వారి కుర్చీ వెనుక నిలబడే సీనియర్ ఎవరూ లేరు. కాబట్టి ఆ కాలాన్ని తిరిగి తెమ్మని నేను అడగడం లేదు. ఆ గదిలో దొరికినవాటిలో ఒక్కటి, చావుకు వెంటనే దొరికే వివరణ, ఇప్పుడు గదితోనూ కులాసా కబుర్లతోనూ పని లేకుండా అందరికీ సమానంగా ఇవ్వగలిగే స్థితిలో ఉన్నామని మాత్రమే అంటున్నాను. ఆ రోజు సీనియర్‌ను పొందలేనివారికి కూడా.

ట్యుటోరియల్ ఎందుకు చాలదు

సంస్థలు సాధారణంగా ఇచ్చే జవాబు ట్యుటోరియల్. నడవడం, దూకడం, కాల్చడం, బాంబు పెట్టడం, తీసేయడం, ఆ తర్వాత కదలని బొమ్మల మీద కాస్త గురి సాధన. ఇవి అవసరం లేనివని అనను. కానీ ట్యుటోరియల్ ప్రశ్న పుట్టకముందే జవాబు చెబుతుంది. మూలకు ఆనుకోకూడదన్న మాట, మూల దగ్గర ఒకసారైనా చావనివాడికి ఎక్కదు. పది నిమిషాల్లో ఇరవై సంగతులు చెప్పి మ్యాచ్‌లోకి తోసేస్తే వాటిలో సగం మొదటి రౌండ్‌లోనే ఎగిరిపోతాయి.

డబ్బు లెక్క దీనికి మంచి ఉదాహరణ. కౌంటర్‌స్ట్రైక్‌లో ప్రతి సగం ఆటనూ ఒక్కొక్కరు ఆటలోని 800 డాలర్లతో మొదలుపెడతారు, తుపాకులు ఆ డబ్బుతోనే కొనాలి. ఏకే ధర 2,700, ఏడబ్ల్యూపీ అనే స్నైపర్ తుపాకీ ధర 4,750. ఓడిన జట్టులో ఒక్కొక్కరికి వచ్చే డబ్బు వరుసగా ఓడే కొద్దీ 1,400 నుంచి 3,400 దాకా పెరుగుతుంది. అందువల్ల ఒక రౌండ్‌లో ఏమీ కొనకుండా ఊరుకుని, వచ్చే రౌండ్‌లో ఐదుగురూ కలిసి పూర్తిగా కొనడం ఈ ఆటలో ప్రాథమిక పాఠం. ఇది ఒక్కడు పాటించే నియమం కాదు, ఐదుగురూ కలిసి పాటిస్తేనే పనిచేస్తుంది. తెలియనివాడు చేతిలో ఉన్న డబ్బుతో ఏదో ఒక తుపాకీ కొంటాడు, ఒంటరిగా చస్తాడు, అందరూ కొనే రౌండ్‌లో వట్టి పిస్తోలుతో నిలబడతాడు.

మా మేనల్లుడి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. జట్టులో ఒకడు హిందీలో గట్టిగా అరిచాడు. వాడికి హిందీ పాఠ్యపుస్తకం మేరకే వచ్చు. "ఏమంటున్నాడు మామయ్యా?" అని అడిగాడు. కొనవద్దంటున్నాడని చెప్పాను. "నా డబ్బే కదా!" అన్నాడు. వాడి ప్రశ్న న్యాయమైనది. దానికి జవాబు చెప్పాలంటే మూడు రౌండ్ల లెక్క చెప్పాలి, రౌండ్ మొదలు కావడానికి మిగిలింది కొన్ని సెకన్లు. ఆ అరిచినవాడి తప్పూ పూర్తిగా లేదు. వాడూ అదే కొన్ని సెకన్లలో, ముఖం తెలియని మనిషికి, ఆట చెప్పవలసిన సంగతిని చెప్పడానికి ప్రయత్నించాడు. మా వాడు ఆ తర్వాత అందరి గొంతులూ మ్యూట్ చేశాడు. అప్పటి నుంచి జట్టు ఆట నేర్చుకునే దారి కూడా మూసుకుపోయింది.

భాష అడ్డు వచ్చే ఇలాంటి చోట 2019 ఫిబ్రవరిలో వచ్చిన ఎపెక్స్ లెజెండ్స్ అనే షూటర్ చేసిన మేలు నిజంగా గొప్పది. ఒక్క బటన్‌తో ఇక్కడ శత్రువు ఉన్నాడు, ఇక్కడ తూటాలు ఉన్నాయి, అటు పోదాం అని మాట లేకుండా చెప్పగలిగే పింగ్ వ్యవస్థను అది పకడ్బందీగా తెచ్చింది. తర్వాత ఎన్నో ఆటలు ఆ దారి పట్టాయి. మైక్ లేనివాడూ, భాష రానివాడూ, గొంతు వినిపిస్తే వేధిస్తారని భయపడే అమ్మాయీ జట్టులో భాగం కాగలిగింది దానివల్లే. కొనవద్దు అన్న మాటకు, అది ఎందుకో చూపే చిన్న లెక్కకు కూడా అలాంటి మూగభాష ఒకటి తయారు చేయడం అసాధ్యమని నాకనిపించదు.

బాట్లు ఇచ్చే గెలుపు

మరో జవాబు బాట్లు. పబ్‌జీ మొబైల్‌లో మొదటి మ్యాచ్‌లలో ఎదురయ్యేవారిలో ఎక్కువమంది మనుషులు కారన్న సంగతి ఇప్పుడు అందరికీ తెలిసిందే. ఫోర్ట్‌నైట్ 2019లోనూ, పీసీ పబ్‌జీ 2020లోనూ కొత్తవారి కోసం బాట్లను తెచ్చాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఒక తరం పిల్లలు షూటర్లలోకి ఫోన్ మీద, ఆ దారిలోనే వచ్చారు. మొదటి రోజే చికెన్ డిన్నర్ కొట్టిన, అంటే అందరికన్నా చివరిదాకా నిలిచి గెలిచిన, ఆనందం లేకపోతే వారిలో చాలామంది రెండో రోజు ఆట తెరిచేవారు కాదేమో. కాబట్టి బాట్లను తేలిగ్గా తీసిపారేయలేను. నా వాదనకు ఎదురుగా నిలిచే బలమైన ఉదాహరణ ఇది. ఏమీ వివరించకుండానే, గెలుపు ఇచ్చి, కోట్లమందిని నిలబెట్టిన ఆట ఉంది కదా?

ఉంది. కానీ ఆ గెలుపు ఏం నేర్పిందో చూడాలి. బాట్ మెల్లగా తిరుగుతుంది, మైదానం మధ్యలో నిలబడి కాలుస్తుంది, గురి తప్పుతుంది. దానితో ఆడినవాడు బహిరంగంగా పరుగెత్తినా ఫరవాలేదని నేర్చుకుంటాడు. తర్వాత ఒకరోజు చెప్పాపెట్టకుండా లాబీ (మ్యాచ్‌లో చేరిన గుంపు) నిండా మనుషులు వస్తారు. నిన్నటిదాకా పనిచేసినవన్నీ ఇవాళ వాణ్ణి చంపుతాయి. అప్పుడూ కారణం తెలియదు, పైగా ఈసారి తాను బాగా ఆడతానన్న నమ్మకం కూడా కూలిపోతుంది. నాకు అభ్యంతరం బాట్లు ఉండటం మీద లేదు, వాటిని దాచడం మీదే ఉంది. ఇది సాధన మ్యాచ్, ఇందులో ఇంతమంది బాట్లు అని తెర మీద రాసి ఉంటే పిల్లల ఆనందం తగ్గుతుందని నేననుకోను. చిన్నపిల్లలకు మనం తెలిసే ఓడిపోతాం, వాళ్లకూ లోలోపల తెలుసు, అయినా సంబరపడతారు. దాచినప్పుడు మాత్రం అది మోసమవుతుంది. బయటపడిన రోజున పాత గెలుపులన్నీ చేదవుతాయి.

కొత్తవాడిని అనుమానితుడిగా చూడటం

ఉచిత ఆటల్లో కొత్త ఆటగాడికి మరో శిక్ష ఉంది. ఖాతా తెరవడానికి ఖర్చు లేనప్పుడు, నిషేధం పడిన మోసగాడూ, కిందివారిని వేటాడాలని కొత్త ఖాతా తెరిచే ఆరితేరినవాడూ (స్మర్ఫ్), నిజమైన కొత్తవాడూ ముగ్గురూ ఒకే ద్వారం నుంచి లోపలికి వస్తారు. సర్వర్‌కు మొదట ముగ్గురూ ఒకేలా కనబడతారు. 2018 డిసెంబరులో కౌంటర్‌స్ట్రైక్ అప్పటి రూపం సీఎస్‌గో ఉచితమైనప్పుడు పాతవారికి నమ్మదగిన ఖాతాలకిచ్చే ప్రైమ్ హోదా దక్కింది, కొత్తవారు మిగిలిన గుంపులో పడ్డారు. ఆ గుంపు ఎలా ఉండేదో దానిలో ఆడినవారికి చెప్పనక్కరలేదు. టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే మరో షూటర్‌లో 2020లో మోసగాళ్లు నడిపే బాట్ ఖాతాల బెడద ముదిరినప్పుడు, డబ్బు కట్టని కొత్త ఖాతాలకు చాట్ నిలిపివేశారు. సహాయం అడగవలసిన అవసరం అందరికన్నా ఎక్కువ ఉన్నవాడికే నోరు లేకుండా పోయింది. 2022 అక్టోబరులో ఓవర్‌వాచ్ 2 అనే ఉచిత షూటర్ వచ్చినప్పుడు ఫోన్ నంబరు తప్పనిసరి చేసి, ప్రీపెయిడ్ నంబర్లు చెల్లవన్నారు. గొడవ జరిగాక కొద్ది రోజుల్లోనే చాలామంది పాత ఆటగాళ్లకు మినహాయింపు ఇచ్చారు, మినహాయింపు దక్కనివారు కొత్తవారే. నూటికి తొంభై మంది ప్రీపెయిడ్ సిమ్ వాడే మన దేశంలో ఆ నిబంధన ఎవరి మొహం మీద తలుపు వేసిందో వేరే చెప్పాలా?

మోసగాళ్లను ఆపడం తేలిక కాదు, ఈ చర్యల వెనుక ఉన్న ఇబ్బంది నాకు అర్థమవుతుంది. అయితే పాతవారి రక్షణకు కట్టిన ప్రతి గోడకూ కొత్తవాడు ఎంత చెల్లిస్తున్నాడో లెక్క వేయాలి. ఆ లెక్క వేసినట్టు నాకు ఎక్కడా కనబడలేదు. నా వాదనకు దీనితో నేరుగా సంబంధం ఉంది. లాబీలో నిజంగానే మోసగాళ్లు ఉన్నప్పుడు, "మోసపోయాను" అన్న కొత్తవాడి అనుమానం ఒక్కోసారి నిజమే అవుతుంది. ఏ చావు మోసం వల్ల, ఏది తన పొరపాటు వల్ల అని వేరు చేసి చూపే ఆధారం వాడికి ఇంకా ఎక్కువ అవసరమవుతుంది.

అయితే ఏం చేయాలి

చంపినవాడి కంటితో చావును తిరిగి చూపే కిల్‌క్యామ్ కాల్ ఆఫ్ డ్యూటీలో ఏళ్లుగా ఉంది. అదే అన్నిటా పెట్టేస్తే సరిపోతుందా అంటే సరిపోదు. కౌంటర్‌స్ట్రైక్, వాలరెంట్ లాంటి ఆటల్లో చచ్చినవాడు రౌండ్ ముగిసేదాకా తిరిగి లేవడు, కానీ బతికున్న తోటివారితో మాట్లాడగలడు. చచ్చిన వెంటనే శత్రువు కంటితో చూపిస్తే, శత్రువు ఎక్కడ నక్కి ఉన్నాడో, పక్కన ఎవరున్నారో క్షణాల్లో జట్టంతటికీ తెలిసిపోతుంది. సమాచారం దాచుకోవడమే ప్రాణమైన ఆటలో ఇది ఆటనే చంపేస్తుంది. నాకు ఎదురైన అభ్యంతరాల్లో అన్నిటికన్నా గట్టిది ఇదే, కాని దానికి జవాబు ఉంది. రౌండ్ ముగిసిన తర్వాత, కొనుగోలు మొదలయ్యే ముందు ఉన్న ఆ కొద్ది వ్యవధిలో చూపవచ్చు. అప్పటికి దాచవలసిందేమీ మిగలదు. నాలుగు సెకన్ల దృశ్యం, దాని కింద ఒక్క వాక్యం చాలు.

ఆ ఒక్క వాక్యం రాయడానికి కావలసినదంతా సర్వర్ దగ్గర ఇప్పటికే ఉంది. కాల్చిన క్షణంలో ఆటగాడి వేగం ఎంతో దానికి తెలుసు, లేకపోతే తూటా ఎటు పోవాలో లెక్కించలేదు. ఎవరు ఎవరికి ఏ క్షణంలో కనబడ్డారో, ఎవరి అడుగుల చప్పుడు ఎంత దూరం వినబడిందో కూడా లెక్క తీయగలదు. "నువ్వు పరుగెత్తుతూ కాల్చావు, తూటాలు చెదిరాయి." "నీకంటే ముందు అతనికి నువ్వు కనబడ్డావు, మూల నుంచి వెనక్కి జరిగి నిలబడు." "నీ పరుగు చప్పుడు అతను విన్నాడు." కొత్తవాడి చావుల్లో చాలావాటికి ఇలాంటి అరడజను వాక్యాల్లో ఏదో ఒకటి సరిపోతుంది. అవి తెలుగులోనూ ఉంటే మరీ మంచిది. వాక్యాలు అరడజనే కనుక అనువాదం పెద్ద పని కూడా కాదు.

యంత్రం తప్పు కారణం చెబితే? చెప్పగలదు. చావుకు ఒక్కోసారి మూడు కారణాలుంటాయి. వాటిలో కొలవగలిగినదాన్నే పట్టుకుని, అసలుదాన్ని, అంటే ఆ చోటికి ఆ వేళ వెళ్లకూడదన్న సంగతిని, వదిలేయగలదు. అందుకే కచ్చితంగా కొలవగలిగినవాటికే వాక్యం ఇవ్వాలనీ, మిగిలినచోట దృశ్యం మాత్రమే చూపి ఊరుకోవాలనీ అంటాను. వ్యూహం గురించి యంత్రం ఉపన్యాసాలు ఇవ్వకూడదు.

కష్టపడి కనుక్కోవడంలోనే ఈ ఆటల ఆనందం ఉందనీ, అన్నీ విప్పి చెబితే ఆ ఆనందం పోతుందనీ నా స్నేహితుడొకడు గట్టిగా వాదిస్తాడు. అతను నాకన్నా చాలా బాగా ఆడతాడు, అతని మాటలో నిజముంది. పొగ బాంబు ఏ కోణంలో విసిరితే ఎక్కడ పడుతుందో సొంతంగా కనుక్కున్న రోజు కలిగే సంతోషం వేరు. కానీ కనుక్కోవడానికి ముందు, కనుక్కోవలసినది ఒకటుందని తెలియాలి. తూటా ఎందుకు చెదిరిందో తెలిసినవాడు ఆగి కాల్చడం సాధన చేస్తాడు. ఆ సాధనకు నెలలు పడుతుంది, ఆ కష్టం ఎవరూ తగ్గించడం లేదు. కారణం చెప్పినంత మాత్రాన చెయ్యి అలవాటు పడదు. అతని వాదన నిపుణుడి మెట్టు మీద సరైనదే, మొదటి మెట్టు మీదికి దాన్ని తీసుకురావడమే నాకు నచ్చదు.

మనుషులనే తిరిగి తెస్తే బాగుంటుందని కూడా అనిపిస్తుంది. టీమ్ ఫోర్ట్రెస్ 2లో పాత ఆటగాడు కొత్తవాడికి శిక్షకుడిగా చేరే ఏర్పాటు ఒకప్పుడు ఉండేది. అదే ఆటలో కొత్తవారికి సులువుగా దొరికే చిరిగిన టోపీ ఒకటి, గోస్ట్లీ గిబస్, కొత్తదనానికి గుర్తుగా స్థిరపడిపోయింది. ఆ టోపీ చూసి సాయం చేసినవాళ్లూ ఉన్నారు, వెటకారం చేసినవాళ్లూ ఉన్నారు. మనుషుల మంచితనం మీద మాత్రమే ఆధారపడితే ఫలితం అలాగే సగం సగంగా ఉంటుంది. అందుకే శిక్షకులు దొరికితే అదృష్టంగా భావించాలి, పునాది మాత్రం ఆటలోనే ఉండాలి.

కొలిచే పద్ధతి కూడా మారాలి. పద్నాలుగు రోజుల్లో ఎంతమంది తిరిగి వచ్చారన్నదే ఇప్పుడు కొలమానం. తిరిగి రావడానికి బహుమతి పెట్టె చాలు, రోజువారీ లాగిన్ బోనస్ చాలు. కొత్తవారిలో కొందరిని మ్యాచ్ ముగిశాక ఒక్క ప్రశ్న అడిగి చూడండి: చివరిసారి ఎందుకు చచ్చావు? నాలుగు జవాబులు ఇవ్వండి, వాటిలో ఒకటి "ఎదుటివాడు మోసం చేశాడు" అని ఉండనివ్వండి. కచ్చితంగా కొలవగలిగిన చావుల కారణం సర్వర్‌కు తెలుసు కాబట్టి వాటితో సరిపోల్చవచ్చు. మొదటి మ్యాచ్ నుంచి ఇరవయ్యో మ్యాచ్‌కు వచ్చేసరికి సరైన జవాబులు పెరగకపోతే, ఎంతమంది తిరిగి వస్తున్నా ఆట కొత్తవారికి ఏమీ నేర్పడం లేదని తేలిపోతుంది. పెరిగితే, ఆ వాక్యాలను ఒక్కొక్కటే తగ్గించుకుంటూ పోవచ్చు. పరుగెత్తుతూ కాల్చడం మానేసినవాడికి ఆ వాక్యం మళ్లీ కనబడనక్కరలేదు. వద్దనుకున్నవారు సెట్టింగ్స్‌లో ఆపేసుకునే వీలు మొదటి రోజు నుంచే ఉండాలి, ర్యాంకు మ్యాచ్‌లలో అసలు ఉండకూడదు.